ఏడో ఇన్నింగ్స్ తరువాత

జూన్ 6, 1983, సోమవారం

మా స్టేడియంలో విలేకరులు కూర్చునే ప్రెస్ బాక్స్‌కి హోలిస్ ట్రాట్నర్ పేరు పెడతారట. ఆగస్టు 20న, రెండు మ్యాచ్‌ల మధ్య, రిబ్బన్ కత్తిరించి. పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. ముప్పై ఏళ్ళపాటు మన బేస్‌బాల్ టీము కార్వెల్ పాటర్స్ ఆడిన ప్రతి ఆటనీ కళ్ళలో వత్తులు వేసుకుని చూసిన మనిషి అని రాశారు.

ఆ కళ్ళే నా మొగుడి కొంప ముంచాయి. ఫోటోలో వాడి నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

జూన్ 7

మా ఆయన లెస్ కంట పడకుండా పేపరు దాచాను. తను నాకంటే ముందే చూశాడట.

జూన్ 9, పొద్దున్న తొమ్మిది

ఇది ఎవరూ చదవరు. అయినా వివరంగా రాస్తాను. రేపు నేనే మాట మార్చకుండా ఉండాలి.

1966 నుంచి 69 దాకా మా ఊరి టీములో ఇద్దరు బ్యాటర్లు ఉండేవారు. ఒకడు నా మొగుడు లెస్ పావ్లిచెక్. ఇంకొకడు రస్ ప్రోబాస్కో. వయసు ఒకటే, ఎత్తు ఒకటే, సీజన్ మొత్తం మీద కొట్టిన హిట్లు కూడా ఇంచుమించు ఒకటే. హోలిస్ పేపర్లో కాలమ్ రాసేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. వాడే టీముకి అఫీషియల్ స్కోరర్ కూడా. ఆ రోజుల్లో మా లీగులో అదే పద్ధతి. ఊరి పేపరు మనిషే ప్రెస్ బాక్స్‌లో కూర్చుని తీర్పు చెప్పేవాడు.

ఆ తీర్పేమిటంటే, బ్యాటర్ కొట్టిన బంతి ఫీల్డర్ చేతికి తగిలి జారిపోయింది, బ్యాటర్ బేస్ చేరుకున్నాడు. అది బ్యాటర్ గొప్పతనమా, ఫీల్డర్ చేతగానితనమా? స్కోరర్ హిట్ అంటే బ్యాటర్ ఖాతాలో పడుతుంది. ఎర్రర్ అంటే వాడికి ఔటయినంత పని. హోలిస్ ఒక మీట నొక్కేవాడు, స్కోర్‌బోర్డు మీద పచ్చ బల్బో ఎర్ర బల్బో వెలిగేది. ఇక దానికి అప్పీలు లేదు.

హోలిస్ దృష్టిలో మగాళ్ళు రెండు రకాలు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరు దాటాక, ఒక్క రన్ తేడాలో, బేస్ మీద మనిషి ఉన్నప్పుడు కొట్టేవాడు క్లచ్ హిట్టర్. అప్పుడు చేతులు వణికేవాడు వట్టి పిరికివాడు. రస్ మొదటి రకం, లెస్ రెండో రకం. మా ఆయనకి ఆరిన్నింగ్స్‌ల లెస్ అని పేరు పెట్టింది వాడే. ఏడో ఇన్నింగ్స్ వచ్చేసింది, లెస్‌ని ఇంటికి పంపండి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో అని రాశాడొకసారి. ఊరంతా పగలబడి నవ్వింది.

69 సెప్టెంబరులో పెద్ద లీగు టీము ఒక్క బ్యాటర్ని పంపమంది. మేనేజర్ చివరి ఇన్నింగ్స్‌ల లెక్కలు చూశాడు. రస్ వెళ్ళాడు. పదకొండు రోజులున్నాడక్కడ, తొమ్మిదిసార్లు బ్యాటు పట్టాడు, ఒక్క హిట్టూ లేదు. పాపం దురదృష్టం అని రాశాడు హోలిస్. రస్‌కి తగలకపోతే దురదృష్టం, లెస్‌కి తగలకపోతే గుండె చాలదు!

ఆ చలికాలమే లెస్ ఆట మానేశాడు. అప్పట్నుంచీ రొట్టెల ట్రక్కు నడుపుతున్నాడు.

జూన్ 15

ఇవాళ లెస్‌తో పాటు నేనూ ట్రక్కులో వెళ్ళాను. ఆరో వీధి మూల దుకాణం ముందు ఆగాము. అక్కడ బెంచీ మీద కూర్చున్న ముసలాడు, పెళ్ళాం ముందు కూడా సిగ్గు లేకుండా, ఏం లెస్, ఏడో వీధికి వెళ్తావా, ఇక్కడితో ఆపేస్తావా అన్నాడు. పక్కనున్న ఇద్దరూ కిసుక్కున నవ్వారు. పద్నాలుగేళ్ళయింది, ఇంకా అదే జోకు. లెస్ కూడా నవ్వి, వాడి చేతికో రొట్టె ఇచ్చాడు.

ఆ రొట్టె నా చేతిలో ఉంటే వాడి నోట్లో కుక్కేదాన్ని.

ఇంటికొచ్చి అటక ఎక్కాను. నాలుగు సీజన్ల స్కోరు పుస్తకాలూ అక్కడే ఉన్నాయి. ఏడాదికి రెండేసి, మొత్తం ఎనిమిది. ఊళ్ళో ఆట ఉంటే మూడో వరసలో కూర్చుని ప్రతి బంతీ రాసేదాన్ని. బయట ఊళ్ళలో ఆట ఉంటే రేడియో పెట్టుకుని వంటింట్లో రాసేదాన్ని. మిగతా ఆటగాళ్ళ పెళ్ళాలు స్వెటర్లు అల్లుకునేవారు. స్కోరర్ ఏ బల్బు వెలిగించాడో పక్కనే చిన్నగా రాసి, నా తీర్పు ఎర్ర పెన్సిలుతో పెట్టేదాన్ని.

హోలిస్ పేరు గోడ మీదకెక్కక ముందే వాణ్ణి లెక్కలతో కొడతాను.

జూన్ 26, ఆదివారం

పన్నెండు రోజులు పట్టింది. ఊళ్ళో ఆడినవాటిలో గట్టి సమయాలు, అంటే హోలిస్ లెక్కలో క్లచ్ హిట్టర్ కొట్టాల్సినవి, మాత్రం ఏరాను. లెస్‌కీ రస్‌కీ చెరి నూట అరవై వచ్చాయి. హోలిస్ బల్బుల ప్రకారం రస్ నలభైఏడు హిట్లు. లెస్ ముప్పైనాలుగు.

అంటే వాడు రాసింది నిజమేనా? అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదా అని లెస్ అడిగాడు.

జూలై 3

దొరికాడు! దొరికాడు వెధవ!

బయట ఊళ్ళ పుస్తకాలు తీశాను. అక్కడ హోలిస్ లేడు. ఏడు ఊళ్ళు, ఏడుగురు వేరే స్కోరర్లు. రేడియోలో ఏం చెబితే అది రాశాను. అక్కడ కూడా చెరొక నూట అరవై గట్టి సమయాలు. రస్ నలభైనాలుగు హిట్లు. లెస్ నలభైమూడు.

ఒక్కటి తేడా. ఒక్కటంటే ఒక్కటి. వాళ్ళు వాడే బ్యాటు అదే, గుండె అదే. బస్సెక్కి వేరే ఊరు వెళ్ళేసరికి పిరికివాడికి ధైర్యం వచ్చేసిందా? మారింది మీట నొక్కే వేలు మాత్రమే. లెస్ పిరికివాడని హోలిస్ ముందే అనుకున్నాడు కాబట్టి లెస్ బంతి జారితే ఎర్ర బల్బు. రస్ మొనగాడనుకున్నాడు కాబట్టి వాడిది జారితే పచ్చ బల్బు. ఆ బల్బులన్నీ కూడి, చూశారా నేను చెప్పలేదూ అని కాలమ్ రాశాడు. తనే వండి, తనే వడ్డించి, తనే భేష్ అన్నాడు.

లెస్‌కి ఇంకా చెప్పలేదు. ముందు బలమైన సాక్షి కావాలి.

జూలై 5

కొలంబస్ నగరంలో బెర్నీస్ ఒలాండర్ అనే ఆవిడకి ఉత్తరం రాశాను. ఇన్సూరెన్స్ కంపెనీలో ఎవరు ఎన్నేళ్ళకి పోతారో లెక్క కట్టే ఉద్యోగం. సరదాకి బేస్‌బాల్ లెక్కలు చేస్తుంది. క్లచ్ హిట్టర్ అనేవాణ్ణి లెక్కల్లో ఎంత వెతికినా కనబడలేదని ఆ మధ్య పేపరుకి రాస్తే హోలిస్ ఎగతాళి చేశాడు. పెళ్ళికాని ఆడవాళ్ళకి అంకెలే తోడు అన్నాడు. ఆవిడకీ వాడి మీద కారాలు మిరియాలు నూరే హక్కుంది.

జూలై 14

పుస్తకాలన్నీ సూట్‌కేసులో పెట్టుకుని బస్సులో కొలంబస్ వెళ్ళొచ్చాను. బెర్నీస్ గారికి అరవై దాటి ఉంటాయి. చిన్న ఫ్లాట్, మూడు ఫైలు బీరువాలు, ఒక పిల్లి. హోలిస్ పేరెత్తి తిట్టడం మొదలుపెట్టాను. ఆవిడ వినలేదు. కోపం సంగతి తరువాత చూద్దాం, పుస్తకం ఇవ్వండి అంది.

మా ఆయన పిరికివాడు కాదని మీ లెక్కలు చెబుతాయా అని అడిగాను. ఒక్క మనిషి గురించి లెక్కలు పెద్దగా ఏమీ చెప్పవండీ మిసెస్ పావ్లిచెక్, నూట అరవై చాలా తక్కువ అంది. ఇంకా ఇలా చెప్పింది: నా దగ్గర అరవైమంది బ్యాటర్ల లెక్కలున్నాయి. ఈ ఏడు గట్టి సమయంలో ఇరగదీసినవాడు వచ్చే ఏడు చతికిలపడతాడు. చతికిలపడినవాడు లేచి కూర్చుంటాడు. నిజంగా అది వాళ్ళ గుణమే అయితే ఏడాదికోసారి చొక్కా మార్చినట్టు మారుతుందా చెప్పండి? అయితే నాకు కనబడనంత మాత్రాన లేదని ఒట్టు పెట్టలేను. ఎవరైనా ఉందంటే మాత్రం చూపించమంటాను. వాళ్ళు చూపించలేరు అంది.

నాకు ఆవిడ నచ్చింది. హోలిస్‌ని తిట్టి ఉంటే ఇంకా నచ్చేది. పుస్తకాలు అక్కడే వదిలి వచ్చాను.

జూలై 29, శుక్రవారం

బెర్నీస్ ఉత్తరం వచ్చింది. రెండు పేజీలు. మొదటి పేజీ చదివి వంటింట్లో గంతులేశాను.

ఊళ్ళో గట్టి సమయాల్లో లెస్ కొట్టిన అనుమానపు బంతులు, అంటే హిట్ అన్నా ఎర్రర్ అన్నా చెల్లేవి, పదహారు. హోలిస్ మూడింటికి హిట్ ఇచ్చాడు. రస్‌వి పదిహేడు. పదిహేనింటికి హిట్ ఇచ్చాడు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టి చూస్తే, ఎలా కొలిచినా రెండు హిట్లకి మించి తేడా రాదట. అక్షరాలా అలాగే రాసింది.

రెండో పేజీ. ఇక మీ ఎర్ర పెన్సిల్ సంగతి, అని మొదలుపెట్టింది. అవే పదహారు బంతుల్లో మీరు మీ ఆయనకి పదిహేను హిట్లు ఇచ్చారు. రస్ ప్రోబాస్కోకి పదిహేడింటిలో రెండు. మీ పుస్తకంలో మీ ఆయన దేవుడు. ట్రాట్నర్ కనీసం మీ ఆయనకి మూడిచ్చాడు. ఈ లెక్క వాడితే రెండు పేజీలూ వాడండి. ఒకటే వాడేటట్టయితే నా పేరు ఎక్కడా రానివ్వకండి.

జూలై 30

నీ పేరెవరిక్కావాలి తల్లీ.

ఆగస్టు 6

వారం రోజులు నాతో నేనే కీచులాడుకున్నాను. నా పెన్సిల్ వల్ల ఎవరి నోటి దగ్గర కూడు పోయింది? నేను బల్బులు వెలిగించలేదు. నేను కాలమ్ రాయలేదు. నా తీర్పు చూసి రస్‌ని ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టలేదు. వాడి తప్పుకీ నా తప్పుకీ పోలికేమిటి?

మొదటి పేజీ ఒక్కటే టైప్ చేశాను. కార్బన్ పెట్టి ఇరవై కాపీలు తీశాను. చేతులు నొప్పి పుట్టాయి. హాయిగా ఉంది.

ఆగస్టు 11, గురువారం, సాయంత్రం ఐదు

టీము అభిమానుల బూస్టర్ క్లబ్ లంచ్‌కి వెళ్ళొచ్చాను. నెలకోసారి పెడతారు. చికెన్, బంగాళాదుంప సలాడ్, చివర తీపికి యాపిల్ పై. అది తిన్నాక ఎవరైనా చెంచాతో గ్లాసు మీద కొట్టి ప్రశ్న అడగొచ్చు. ఇవాళ ముఖ్య అతిథి హోలిస్. డెబ్భై దాటాయి, చెవిలో మిషను. నన్ను చూసి, ఏమ్మా ఇర్మా, ఇంకా కోపం పోలేదా, మీ ఆయన తెచ్చే రొట్టె మాత్రం బ్రహ్మాండంగా ఉంటుందమ్మా అన్నాడు. టేబులంతా నవ్వింది.

గ్లాసు మీద కొట్టాను. చేతులు వణకలేదు.

కాగితాలు పంచి, నిలబడి చదివాను. ఏడు ఊళ్ళలో ఏడుగురు స్కోరర్లు, నలభైనాలుగు, నలభైమూడు. మన ఊళ్ళో ఒకే ఒక స్కోరర్, నలభైఏడు, ముప్పైనాలుగు. పదిహేడుకి పదిహేను, పదహారుకి మూడు. క్లచ్ ఆడింది రస్ కాదండీ, హోలిస్ గారి చూపుడు వేలు అన్నాను. మా ఊరి పళ్ళ డాక్టరు ఫక్కుమని నవ్వి, నవ్వానే అని నోరు మూసుకున్నాడు. క్లబ్ ప్రెసిడెంటు కాగితం రెండుసార్లు చదివి, హోలిస్ వైపు కాకుండా టేబుల్ వైపు చూశాడు. హోలిస్ ఫోర్కు మీది యాపిల్ పై ముక్క జారి టై మీద పడింది.

వాడు తుడుచుకోలేదు. నేను చూసిందే రాశానమ్మా అన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో మీ ఆయన మొహం చూస్తే ఎవడైనా అదే రాస్తాడు. బంతి రాకముందే ఔటయిపోయిన మొహం. నువ్వు మూడో వరసలో ఉండేదానివి, నువ్వు చూడలేదా?

నాకలాంటిదేమీ కనబడలేదు అన్నాను.

నీ పుస్తకంలో నువ్వేం రాసుకున్నావు మరి, అదీ చదువు అన్నాడు. ప్రెస్ బాక్స్‌కి పెట్టేది నా పేరు కాదండీ, మీ పేరు అన్నాను. చప్పట్లు. మొదట ఒకరు, తరువాత సగం హాలు. ఆరో వీధి బెంచీ ముసలాడు కూడా కొట్టాడు. హోలిస్ చెవిలోని మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాడు వెళ్ళిపోతుంటే తలుపు ఎవరూ తెరిచి పట్టుకోలేదు. పద్నాలుగేళ్ళ కసి తీరింది. ఇంకొంచెం తీరితే బాగుండనిపించింది.

ఆగస్టు 12

పేపర్లో వచ్చింది. పేరు పెట్టే కార్యక్రమం వాయిదా. వాడు పనిచేసిన పేపర్లోనే! కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను.

ఆగస్టు 13, శనివారం

ట్రక్కు ఆగిన ప్రతిచోటా ఇవాళ లెస్ భుజం తట్టారట. నీకు అన్యాయం జరిగిందయ్యా అన్నారట. ముసలాడు రొట్టెకి డబ్బులు ఇచ్చాడట.

మధ్యాహ్నం లెస్ ఇంటికొచ్చి, ఫ్రిజ్ ముందు నిలబడి, అది మళ్ళీ చదివాడు. సంతోషిస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, నీకొకటి చెప్పలేదు ఇర్మా అన్నాడు.

70 జనవరిలో ఇంకో పెద్ద టీము నుంచి ఉత్తరం వచ్చిందట. ఫ్లోరిడాలో క్యాంపుకి రమ్మని. చదివి స్టవ్‌లో పడేశాడట. నాకు తెలియనివ్వలేదు. అక్కడికెళ్ళి, అక్కడా ఏడో ఇన్నింగ్స్‌లో నవ్వులపాలు కావడమెందుకు అనుకున్నాను అన్నాడు. నాలో ఏదో లోటుందని నమ్మేశాను. లోటున్నవాడు మానుకోవడం తెలివైన పనే కదా అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఆ లోటే లేదంటున్నావు. మరి నేనెందుకు మానేసినట్టు అని అడిగాడు.

హోలిస్‌ని ఇంకో నాలుగు తిట్టాను. లెస్ తల అడ్డంగా ఊపాడు. వాణ్ణి వదిలెయ్, పళ్ళూడిన ముసలాడు అన్నాడు. ఊరంతా నమ్మినా నువ్వు నమ్మలేదు, అదొక్కటే నాకు మిగిలింది అన్నాడు. ఎంగిలి ప్లేట్లు సింకులో పెట్టి పడుకోవడానికి వెళ్ళాడు.

ఆ ఉత్తరం స్టవ్‌లో వేసిన చెయ్యి లెస్‌దే. వేయించింది మాత్రం హోలిస్. వాడికి వాయిదా చాలదు. ఆ పేరు ఎప్పటికీ గోడెక్కకూడదు.

ఆగస్టు 16

పుస్తకాలు పార్సిల్‌లో తిరిగొచ్చాయి. పైన బెర్నీస్ ఉత్తరం. పేపరు చూసిందట. మీరు సగమే వాడారు, అది మీ ఇష్టం అని రాసింది. దెబ్బలాడలేదు. దెబ్బలాడినా బాగుండేది.

తరువాత రాసింది ఇక్కడ ఎక్కిస్తున్నాను. పుస్తకాలు పంపించే ముందు మొదటి ఆరు ఇన్నింగ్స్‌లు కూడా చూశాను. మీరు భార్య కాబట్టి అన్నిచోట్లా మీ ఆయన పక్షమే ఉంటారనుకున్నాను. నా అంచనా తప్పు. ఆరో ఇన్నింగ్స్ లోపు మీ ఆయన అనుమానపు బంతులు ఇరవైతొమ్మిది. ఇరవైఆరింటిలో మీ పెన్సిల్ బల్బు చెప్పినట్టే చెప్పింది, ఎర్ర బల్బు వెలిగినప్పుడు కూడా. మీరు చాలా మంచి స్కోరర్, మిసెస్ పావ్లిచెక్. ఆయనకి మీరు సాయం చేసింది ఏడో ఇన్నింగ్స్ తరువాతే. ఎందుకో నేను చెప్పలేను, నాది లెక్కల ఉద్యోగం.

ఆగస్టు 17, పొద్దున్న

మూడు పుస్తకాలు తెరిచి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. నాలుగో ఇన్నింగ్స్‌లో లెస్ బంతి షార్ట్‌స్టాప్ ఫీల్డర్ చేతిలోంచి జారితే ఎర్రర్ అని నేనే రాశాను, నిక్కచ్చిగా. అదే ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలాంటిదే జారితే హిట్. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కానంటే కాగితం చిరిగింది.

హోలిస్ చూసిన మొహమే నేనూ చూశాను. ఏడో ఇన్నింగ్స్ మొదలవగానే, దేవుడా, ఈసారి లెస్ వంతు రాకుండా చూడు అని మొక్కేదాన్ని. కొడతాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. బంతి ఎలాగోలా జారి లెస్ బేస్ చేరితే, ఇది కొట్టినట్టు కాదు, పాపం ఇచ్చేద్దాం అని హిట్ రాసేదాన్ని. నమ్మకమున్నదాన్నయితే నాలుగో ఇన్నింగ్స్‌లో రాసినట్టే రాసేదాన్ని కదా.

నేనూ హోలిస్ ఒకటే అనుకున్నాము. వాడు అందరికీ చెప్పాడు, నేను ఎర్ర పెన్సిల్‌తో దాచాను. వాడి మీద పగ తీర్చుకోవడానికి చప్పట్లు కొట్టించుకున్నది నేనే.

ఆగస్టు 18

ప్రెసిడెంటుకి రెండో పేజీ పోస్టు చేశాను, నా పేరుతో. దానివల్ల హోలిస్ పేరు గోడెక్కినా ఎక్కనీ. వాడి మీద కోపం పోలేదు. పోదు కూడా. ఇకనుంచి ఆ కోపంలో నాకూ వాటా ఉంటుంది.

లెస్‌కి ఎలా చెప్పాలి?

ఆగస్టు 20, మధ్యాహ్నం రెండు

పార్సిల్‌తో వచ్చిన బెర్నీస్ ఉత్తరం నేనే బల్ల మీద పెట్టాను. లెస్ నిలబడే చదివాడు. రెండుసార్లు.

నువ్వు కూడానా, అని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పాలి. అవునని గానీ, కాదని గానీ. తను ఇంకా వంటింట్లో నిలబడే ఉన్నాడు. నేనిక్కడ కూర్చుని రాసుకుంటున్నాను.